మాలావత్ పూర్ణ సప్తశిఖర యాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



వాన వెలిసిన ఉదయమున పలాస ప్రాంతమునుండి ఉత్తరదిశగా చూచినవారికి మహేంద్రగిరి కానవచ్చును. దాని ఎత్తు 1501 మీటర్లు. ఆ శిఖరము నేడు ఒడిశాలోని గజపతి జిల్లాకు చెందినదే గాని, టెక్కలివారును ఉద్దానమువారును దానిని పరాయికొండగా ఎంచరు. భారతారణ్యపర్వమున ధర్మరాజు తీర్థయాత్ర చేయుచు మహేంద్రమునకు వచ్చి పరశురాముని దర్శించెను. కాళిదాసు రఘువంశమున కళింగరాజును ఈ కొండకు నాథునిగా పేర్కొనెను. హనుమంతుడు లంఘించిన మహేంద్రము మాత్రము దక్షిణసముద్ర తీరమందలిది. రెంటిని కలిపి చెప్పుట పొరపాటు. శివరాత్రికి భక్తజనులు ఈ కొండ నెక్కుచునే యున్నారు. కావున కొండ నెక్కుట ఈ ప్రాంతమువారికి వింత కాదు. కాని కన్నబిడ్డ ఇంతకు నాలుగింతలు, అయిదింతలు ఎత్తుగల మంచుకొండల నెక్కెదనని పట్టుపట్టినచో ఆ తల్లిదండ్రుల స్థితి యేమి? నేటి ప్రసంగమునకు విషయమిదియే.

పార్వతి తపస్సునకై గిరిశిఖరమునకు పోనెంచినపుడు తల్లి మేన వలదని వారించెను. ఆ వారించిన మాటనుండియే ఆమెకు ఉమ యను పేరు వచ్చెనని కుమారసంభవమున నున్నది. హిమవంతుని ఇల్లాలే కొండకు పోవలదనినప్పుడు, పొలమున కూలిచేసుకొను తల్లి మనస్సు ఎట్లుండునో వేరుగ చెప్పవలెనా?

మాలావత్ పూర్ణ 2000వ సంవత్సరము జూన్ 10వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున ఒక లంబాడీ కుటుంబమునందు జనించెను. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివెను. ఆ పాఠశాలల కార్యదర్శిగా నుండిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ గారు బీదపిల్లలకు కొండ లెక్కుట నేర్పించవలెనని సంకల్పించిరి. మొదటి పాఠము భువనగిరి కోట నిలిచిన ఏకశిలపైన, గురువు శేఖర్‌బాబు. తరువాత డార్జిలింగునందలి హిమాలయ పర్వతారోహణ సంస్థ. టెన్సింగ్ నార్గే ఎవరెస్టు నెక్కివచ్చిన మరుసటి యేడు, 1954లో, స్థాపింపబడిన సంస్థ యది. అటుపిమ్మట లడఖు చలిలో అభ్యాసము జరిగెను.

పదునారేండ్లు నిండనివారికి నేపాళము ఎవరెస్టు నెక్క అనుమతి నీయదు. అందుచేత పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన ఆనందకుమారు అను బాలుడును టిబెట్టు వైపునుండి, అనగా ఉత్తరపు దారిని, బయలుదేరిరి. వారింకను దారిలో నుండగనే 2014 ఏప్రిల్ 18న నేపాళము వైపున ఖుంబు హిమపాతమున మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాళీ సహాయకులు మరణించిరి. ఆ వార్త విన్న ఏ తల్లికైనను ఉత్తరపు దారి, దక్షిణపు దారి యను భేదము తోచునా? బిడ్డలు వెనుదిరుగలేదు. మే 25వ తేదీన ఇద్దరును శిఖరము చేరిరి. పూర్ణకు అప్పటికి 13 సంవత్సరముల 11 నెలలు. అంతకుముందు అంత చిన్నవయస్సున ఆ శిఖరము నెక్కిన బాలిక వేరొకతె లేదు.

లోకము చప్పట్లు కొట్టెను. 2017లో ఆమె కథ హిందీ చలనచిత్రముగను వచ్చెను. సామాన్యముగా ఇటువంటి కథ ఇచటనే ముగియును. అసలు మెచ్చదగినది దీనికి తరువాతి భాగమే. ఎవరెస్టు యాత్ర పెద్దలు ఎంచి, నేర్పి, వెంటనుండి నడిపించినది. మిగిలిన యాత్ర పెరిగి పెద్దదైన స్త్రీ తనదిగా చేసికొన్న సంకల్పము. ఏడు ఖండములలోను ఒక్కొక్కదాని అత్యున్నత శిఖరము నెక్కుట యను ఈ వ్రతమును మొదట ముగించినవాడు అమెరికా దేశస్థుడు రిచర్డ్ బాస్, 1985లో. స్త్రీలలో మొదట ముగించినది జపానుకు చెందిన జుంకో తబేయి, 1992లో.

ఇందులో ఒక చిక్కు కలదు. పొలిమేర రాయి ఎచట పాతవలెనను తగవు గ్రామములకే గాక ఖండములకును ఉన్నది. ఆస్ట్రేలియా భూభాగము వరకే లెక్కించినచో 2228 మీటర్ల కోజియస్కో చాలును. దానిపైకి నడచియే పోవచ్చును. న్యూగినీ దీవిని గూడ చేర్చినచో 4884 మీటర్ల కార్‌స్టెన్స్ పిరమిడు ఎక్కవలెను. అది త్రాళ్లు పట్టుకొని ప్రాకవలసిన రాతికొండ. పూర్ణ సులభమైన లెక్కను పట్టుకొనక రెండవదానినే ఎక్కెను.

కళాశాల చదువు సాగించుచునే ఆమె ఒక్కొక్క కొండను ముగించుచు వచ్చెను. 2016లో ఆఫ్రికాలోని కిలిమంజారో, 5895 మీటర్లు. 2017లో ఎల్‌బ్రూస్, 5642. 2019లో దక్షిణ అమెరికాలోని అకాంకాగువా, 6961. ఆ యేడే కార్‌స్టెన్స్. ఆ యేటి డిసెంబరు 26న అంటార్కిటికాలోని విన్సన్, 4892. డిసెంబరులో అచట సూర్యుడు అస్తమింపడు.

ఇక మిగిలినది ఒక్కటి: ఉత్తర అమెరికాలోని అలాస్కాయందలి డెనాలి. అప్పుడే కోవిడ్ మహమ్మారి లోకమును కమ్మెను. 2020వ సంవత్సరమునకు ఆ కొండ నెక్కుటయే అధికారులు నిలిపివేసిరి. ఆరు ముగించి ఏడవదాని గుమ్మమున నిలిచిపోవుట ఎవరికైనను నిరుత్సాహము కలిగించునదే. ఎక్కనివానికి కొండ నిలిచియుండును. శరీరపు అలవాటు నిలువదు.

డెనాలి ఎత్తు 6190 మీటర్లు. నాలుగు మహేంద్రగిరులను ఒకదానిపై నొకటి నిలిపినను ఇంకను 186 మీటర్లు తక్కువ. చిన్న విమానము హిమానీనదముపై దింపి పోవును. హిమాలయములందువలె మూటలు మోయు షెర్పాలు ఇచట లేరు. తిండి, గుడారము, పొయ్యికి నూనె, సమస్తమును ఎవరిది వారే వీపున మోసికొని, చక్రములు లేని మంచుబండిపై ఈడ్చుకొని పోవలెను. సరకులో కొంత ముందు చేర్చి పాతిపెట్టి, దిగివచ్చి, మరునాడు మరల అదే దారి నెక్కవలెను. అనగా ఒకే కొండను రెండుమారులు ఎక్కినంత పని. పదమూడేండ్ల పిల్లగా ఎవరెస్టుపై చేయనవసరము లేని ఈ చాకిరిని పూర్ణ పెద్దదై ఇచట చేసెను.

దూరమునుండి కబురు వచ్చువరకు ఇంట కూర్చుండుట యేమో ఉద్దానమునకు తెలియనిది కాదు. గుజరాతు తీరమునుండి వేటకు వెళ్లి 2018 నవంబరులో పాకిస్తానుకు పట్టువడిన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ యిండ్ల తల్లులు పాకాల తల్లి మనస్సును ఈ సభలో ఎవరికన్నను ఎక్కువగా ఎరుగుదురు. తేడా యొక్కటే. వీరి బిడ్డలను కూడు కడలికి పంపెను. ఆమె బిడ్డ కోరి కొండకు పోయెను.

2022 జూన్ 5వ తేదీన పూర్ణ డెనాలి శిఖరము చేరెను. ఎవరెస్టు నాటినుండి లెక్కించినచో 8 సంవత్సరముల 11 దినములు. ఆమెకు 22 సంవత్సరములు నిండుటకు ఇంకను 5 దినములు మిగిలియుండెను.