ఆంధ్ర విశ్వకళాపరిషత్తు: కట్టమంచివారి తలంపు, నేటి కర్తవ్యము
(విద్యార్థుల సభయందు చేసిన యుపన్యాసము)



ఉన్నతవిద్యా సంస్కరణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మమ్ము పిలిచితిరి. పత్రికలు వ్రాసికొనువారికి విశ్వవిద్యాలయముల జోలి యేల యని యెవరైన నడుగవచ్చును. బిడ్డను కళాశాలకు బంపుటకై పొలము కుదువబెట్టు తండ్రి యొక్కడున్నను ఈ జోలి యందరిదియు నగును.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926 ఏప్రిలులో బెజవాడయందు నెలకొన్నది. దాని శతవత్సరోత్సవములు 2025 ఏప్రిలులో నారంభమైనవి. ఉత్సవములలో పటములకు పూలదండలు వేయుట సులభము. ప్రథమోపాధ్యక్షులగు కట్టమంచి రామలింగారెడ్డిగారి కాలమున ఆ సంస్థ దేనికొరకు పుట్టినది, అందెంత చెల్లినది, ఎంత చెల్లలేదు అని లెక్క చూచుట కష్టము. ఆ లెక్కలో కొంత నేడు చూతము.

1857లో కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణములందు విశ్వవిద్యాలయములు వెలసినప్పుడు అవి నాటి లండను విశ్వవిద్యాలయపు మాదిరిని గైకొన్నవి. చదువు చెప్పుట వాని పని కాదు. పరీక్షించి పట్టమిచ్చుటయే పని. బోధన బందరు నోబిలు కళాశాలలోనో, రాజమహేంద్రవరములోనో, విజయనగరము మహారాజావారి కళాశాలలోనో జరుగును. ప్రశ్నలు చెన్నపురినుండి వచ్చును. చెప్పువాడొకడు, అడుగువాడు వేరొకడు. అడుగువాని మనసు కనిపెట్టుటయే విద్య యైనది. ఈ పద్ధతి గుమాస్తాలను మాత్రమే తయారుచేసినదని మనవారు తరతరములుగా నిందించుచున్నారు. ఆ నింద పూర్తిగా న్యాయము కాదు; ఆ చదువే చదివి స్వరాజ్యోద్యమమును నడిపినవారనేకులు గలరు. దాని యసలు దోషము వేరు. జ్ఞానమెక్కడనో వండబడి యిచ్చట వడ్డింపబడుచుండెను. మన పొయ్యిమీద వండుకొనుటకు మనకు వంటయిల్లే లేకుండెను.

కట్టమంచివారు 1880లో చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, బరోడాలోను మైసూరులోను బోధించి, పిమ్మట మైసూరు సంస్థానమున విద్యాశాఖ నడపినవారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము పుట్టుట కన్నులార చూచినవారు. పరీక్షలు జరుపు కచేరీ యొకటి తెలుగునాట వెలసినంతమాత్రమున తెలుగువారికి విశ్వవిద్యాలయము వచ్చినట్లు కాదని అట్టివారికి వేరుగ జెప్పనక్కర లేదు. ఆంధ్ర పరిషత్తు ఒకచేత కళాశాలలను గలుపుకొనుచు, రెండవచేత తానే బోధనశాఖలను, ప్రయోగశాలలను నెలకొల్పవలెనని యేర్పాటు. 1930లో స్థానము వాల్తేరునకు మారినది. జయపురాధీశ్వరులగు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలిచ్చుటకు పూనుకొనగా వారి పేర విజ్ఞాన సాంకేతిక కళాశాల వెలసెను. నాటి లక్ష నేటి లక్ష కాదు సుమా! 1931 మొదలు 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణగారును, పిమ్మట 1949 వరకు మరల రెడ్డిగారును పరిషత్తును నడిపిరి. 1942లో విశాఖపై జపాను బాంబులు పడగా పరిషత్తు గుంటూరునకు తరలిపోయి, యుద్ధానంతరము వాల్తేరునకు తిరిగివచ్చెను.

ఈ కథయందు మచ్చ లేకపోలేదు. స్థానమెచ్చటనను తగవు బెజవాడ, రాజమహేంద్రవరము, విశాఖ, అనంతపురముల నడుమ సంవత్సరములు సాగెను. విసిగిన దత్తమండలములు పరిషత్తును విడిచి మరల చెన్నపురి విశ్వవిద్యాలయమున జేరెను. అనంతపురమున నొక కేంద్రముండవలెనని 1937 శ్రీబాగు ఒడంబడికలో వ్రాసికొనిరి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లోను, అనంతపురమున శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లోను వచ్చినవి. గుడి యెచ్చట గట్టవలెనను కలహము గుడిలో నేమి జరుగవలెనను విచారణను మ్రింగివేయుట మనకు క్రొత్తకాదు. నేటికిని ప్రతి జిల్లాకు నొక విశ్వవిద్యాలయమను కోరిక వినబడుచున్నది గాని, ఉన్నవానిలో ఆచార్యుల పీఠములెన్ని ఖాళీగా నున్నవను ప్రశ్న సభలలో వినబడుట యరుదు.

ఇక నేటి స్థితి. 2021–22 సంవత్సరపు అఖిల భారత ఉన్నతవిద్యా సర్వేలో దేశమున విశ్వవిద్యాలయములు 1,168, కళాశాలలు 45,473, చదువరులు 4 కోట్ల 33 లక్షలు అని తేలినది. పదునెనిమిది మొదలు ఇరువదిమూడేండ్ల వయస్సుగల లక్షమందికి దేశమున సగటున 30 కళాశాలలుండగా, మన రెండు తెలుగు రాష్ట్రములందును సుమారు 50 చొప్పున గలవు. సంఖ్యకు లోటు లేదు. అయినను వీనిలో మిక్కిలి భాగము అనుబంధ కళాశాలలే. 1857 నాటి యేర్పాటు చచ్చిపోలేదు, వేయింతలై పెరిగినది. చెప్పువాడొకడు, అడుగువాడు వేరొకడు. నడుమ గైడుపుస్తకము మాత్రము క్రొత్తగా వచ్చి కూర్చున్నది. ఇప్పుడు దానికిని కాలము చెల్లినది. గైడుపుస్తకము చెప్పు సమాధానమును కృత్రిమమేధ రెప్పపాటులో వ్రాసి యిచ్చుచున్నది. యంత్రము వ్రాయగల సమాధానమును మనుష్యునిచేత మూడు గంటలు వ్రాయించి, దానికి మార్కులు వేసి, పట్టమని చేతికిచ్చుట యెంతకాలము సాగును?

2020 జాతీయ విద్యావిధానము ఈ అనుబంధ పద్ధతిని పదునైదేండ్లలో క్రమముగా తొలగింపవలెననియు, కళాశాలలు స్వయంప్రతిపత్తితో తామే పట్టములీయవలెననియు చెప్పినది. తలంపు మంచిదే. మాకొక భయము గలదు. స్థిరమైన యుపాధ్యాయులు లేక, ఏటికేడు ఒప్పందముపై వచ్చిపోవువారితో గడపుచున్న కళాశాలకు స్వయంప్రతిపత్తి యిచ్చినచో ఏమగును? ముద్ర యొక చేతినుండి మరియొక చేతికి మారును, అంతే. వ్యాపారమునకై కళాశాల పెట్టినవానికి ఆ ముద్ర మరింత లాభకరము. కావున మంజూరైన యుపాధ్యాయపదవులు నిండిన పిమ్మటనే స్వయంప్రతిపత్తి యని ప్రభుత్వములు నియమము చేయవలయును. ఇది మా దృఢాభిప్రాయము.

ఇక పరీక్షకు మారుగా నేమి చేయుదుమని యడుగుదురు. మన నేలపైననే ప్రశ్నలు పడియున్నవి. నాటి నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు చెడుచున్నవని 1937లోనే వైద్యశాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నల్లగొండ ప్రజలు అదే బాధను తరములుగా ననుభవించిరి. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో కొబ్బరితోటల నడుమ వేలకొలది జనులు మూత్రపిండముల వ్యాధితో కృశించుచున్నారు. దాని కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఈ ప్రాంతముల కళాశాలలలో రసాయనశాస్త్రము చదువు బిడ్డలు సీసాలోని లవణమేదియో కనిపెట్టి మార్కులు పొందుచున్నారు. తమ యూరి బావినీటిని పరీక్షించి, ఋతువుల వెంబడి పట్టిక వ్రాసి, పదేండ్లపాటు ఒక కళాశాల భద్రపరచినచో పరిశోధకులకది యమూల్యమగును. దానికి పెద్ద నిధులు వలదు. సెలవులలోను మానని యుపాధ్యాయుడు వలయును. ఆర్థికశాస్త్రము చదువువాడు తన గ్రామపు కౌలుదారుల యప్పులను, చరిత్ర చదువువాడు తన తాలూకా శాసనములను, చెరువుల కైఫీయతులను చూడవచ్చును. అట్టి పనిని యంత్రము చేసిపెట్టలేదు, ఏలన నా బావికి నీళ్లు తోడ బోవలసినది మనుష్యుడే.

అట్లు చూచిన దానిని ఏ భాషలో వ్రాయవలె? రెడ్డిగారు ఆంగ్లమున మహావక్తలని పేరొందినవారు. అయినను భారత అర్థశాస్త్రమును తెలుగుననే వ్రాసిరి, కవిత్వతత్త్వవిచారమును తెలుగుననే చేసిరి. శాస్త్రమునకు తెలుగు చాలదనుట వారి నడవడివలననే కొట్టుపోయినది. మరియొక నిదర్శనము హైదరాబాదున గలదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక దేశభాషయందు సమస్త శాస్త్రములను బోధించిన ప్రథమ విశ్వవిద్యాలయము. వైద్యమును, ఇంజనీరింగును సైతము ఉర్దూలో చెప్పిరి. గ్రంథములు లేవని కూర్చుండక అనువాదశాల బెట్టి వ్రాయించిరి. ఆ భాష యచ్చటి తెలుగు రైతుబిడ్డ యింటిభాష కాకపోవుట దాని కొరత. దేశభాష శాస్త్రమునకు చాలుననుట మాత్రము దానివలన ఋజువైనది. 1968లో తెలుగు అకాడమి నెలకొని పాఠ్యగ్రంథములు తెచ్చినది. అయినను 2021లో వింత జరిగినది. అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో గూడ ఎనిమిది దేశభాషలలో ఇంజనీరింగు చెప్పుకొనవచ్చునని యనుమతించిన యేడే, ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువులన్నియు ఆంగ్లమాధ్యమముననే యుండవలెనని నిర్ణయించిరి! ఆంగ్లము వలదని మేమనము, బిడ్డలకది వలసినదే. ఉద్దానపు తల్లికి ఆమె రోగమును గూర్చి తెలుగున జెప్పలేని శాస్త్రజ్ఞుడు ఆమె చెప్పునది విననుగూడ లేడని మాత్రము మా మనవి.

పై పనులన్నింటికి స్వాతంత్ర్యము వలయును. 1930లో ఉప్పు సత్యాగ్రహమునణచుటకు ప్రభుత్వము ప్రజలపై సాగించిన దమననీతికి నిరసనగా రెడ్డిగారు ఉపాధ్యక్షపదవిని విడిచిరి. తమ పదవికి ముప్పు వచ్చి కాదు, తమకు సహింపరాని యన్యాయము జరుగుచున్నదని విడిచిరి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వము మారిన కొలదివారములకే పలువురు ఉపకులపతులు వరుసగా రాజీనామాలిచ్చిరి. అదే యేడు తెలంగాణములో ఉపకులపతుల గడువు తీరగా, కొన్ని నెలలపాటు ఐ.ఏ.ఎస్. ఉద్యోగులే విశ్వవిద్యాలయములకు ఇన్‌ఛార్జులైరి. ఏ పక్షమువారిని నిందించుటకు దీనిని చెప్పుట లేదు; అన్ని పక్షములవారును ఈ విషయమున నొకే బడిలో చదివినవారు. ఉపకులపతి పదవి సచివాలయపు ఋతువులనుబట్టి పూయుచు రాలుచుండగా, పదేండ్ల పట్టిక వ్రాయించు ధైర్యము ఎవరికి గలుగును? నియమించిన నాటినుండి గడువు తీరువరకు కదలింపరానట్లు, గడువు తీరుటకు ఆరునెలలు ముందే ఎన్నికసమితి కూర్చుండునట్లు చట్టము మార్చుడని శాసనసభ్యులను మీరందరు నడుగుడు. మా పత్రికయందు మేమును అడుగుచునే యుందుము.

చట్టము మారువరకు చేతులు ముడుచుకొని యుండనక్కర లేదు. ఈ సభయందు స్వయంప్రతిపత్తిగల కళాశాలల యాచార్యులు పలువురున్నారు. ఈ సంవత్సరము మీ విషయమున ఒక్క ప్రశ్నపత్రమునైనను, ఊరు తిరిగి చూడక వ్రాయ వీలులేని ప్రశ్నలతో కూర్చుడు. దానిని, దానికి వచ్చిన సమాధానములలో మంచివానిని మాకు బంపినచో స్థలము చూచుకొనక ప్రకటింతుము.