తాళం తీసే మనిషి
(స్వర్ణోత్సవ సభలో బడి లైబ్రేరియన్ చేసిన ప్రసంగ పాఠం)

గ్రంథాలయం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బళ్లలో పుస్తకాల బీరువాల పక్కనే నా ఉద్యోగం గడిచింది. అందులో కష్టమేమిటో, సంతోషమేమిటో చెప్తాను. చివర ఒక కోరిక కోరతాను.

లైబ్రేరియన్ రోజంతా చదువుకుంటూ ఉంటాడని చాలామంది అనుకుంటారు. "నీకేం సామీ, కూర్చున్న చోటికే సరస్వతి వస్తుంది" అంటారు. ఏ అయ్యవారు సెలవు పెట్టినా ఆ క్లాసుకు పోవాల్సింది నేనే. పరీక్షలొస్తే హాల్లో డ్యూటీ, మధ్యాహ్నం భోజనాల దగ్గర వరసలు, సాయంత్రం కంప్యూటర్లో ఎక్కించాల్సిన వివరాలు. మిగిలిన టైములో చెదలు దులపాలి, ఊడిన అట్టలకు జిగురు పెట్టాలి, అక్సెషన్ రిజిస్టరు రాయాలి. నా చదువంతా బస్సుల్లోనే సాగింది. జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఒక కథ, పులివెందుల బస్సులో అయితే రెండు మూడు.

నాకు చదువు రుచి చూపింది చందమామ. ఆ తర్వాత అద్దె పుస్తకాల అంగట్లో దొరికిన డిటెక్టివ్ నవలలు. వాటిని నేను తక్కువ చేసి మాట్లాడను. పేజీ తిప్పే అలవాటు చేసింది అవే. ఉద్యోగంలో చేరినాక నాకు కొత్త పుస్తకాలు చూపించింది మాత్రం పిల్లలే. "సార్, మన ఊరి పక్కోళ్లు రాసిన పుస్తకాలు యేమన్నా ఉండాయా?" అని ఒక పిల్లోడు అడిగితే, వానికి చెప్పడానికి నేను వెదకడం మొదలుపెట్టినాను.

వెదికితే ఎంత ఉందో చూడండి. తెలుగులో ఇంతవరకు దొరికిన తొలి శాసనం ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలోది. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళులు వేయించింది. 'శివతాండవం' రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులో ఉన్నారు. 'శ్రీ శివభారతం' రాసిన గడియారం వేంకట శేషశాస్త్రిదీ ఈ ఊరే. 'అనువాద సమస్యలు' గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందిన రాచమల్లు రామచంద్రారెడ్డి పులివెందుల ప్రాంతం మనిషి. పులివెందుల పక్కనే ఉన్న వేంపల్లె నుంచి వేంపల్లి గంగాధర్‌కు 2011లో, వేంపల్లి షరీఫ్‌కు 2012లో అకాడమీ యువ పురస్కారాలు వచ్చినాయి. వీళ్లలో కొందరి పుస్తకాలు మన బీరువాల్లో ఉన్నాయి. అయితే బీరువాలో ఉన్న పుస్తకం వేరు, పిల్లల చేతిలో ఉన్న పుస్తకం వేరు.

ఈ రెండింటి మధ్య ఉండేది తాళం. తాళం ఎందుకు పడుతుంది? ఏటా స్టాకు లెక్క చూస్తారు. పుస్తకం తగ్గితే సంజాయిషీ అడుగుతారు. నేను పనిచేసిన ఒక బడిలో పోయిన పుస్తకాల డబ్బు జీతంలో కట్టినాను. రిజిస్టరులో పోయిన పుస్తకానికి గడి ఉంది గానీ, చదివిన పుస్తకానికి లేదు. అట్లాంటప్పుడు బతకనేర్చిన లైబ్రేరియన్ ఏం చేస్తాడు? తాళం వేసుకుంటాడు. లెక్క సరిపోతుంది, చెదలు తింటాయి.

కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో ఈ విషయం గురించి ఒక నిబంధన ఉంది. ఏడాదిలో వెయ్యి పుస్తకాలు పాఠకులకు ఇస్తే ఐదు పోవడం సహజమేనని, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలునని దాని సారాంశం. అది మన బడికి నేరుగా వర్తించదు. కానీ అందులోని న్యాయం చూడండి. రోజుకు 20 పుస్తకాల చొప్పున 200 రోజులు ఇస్తే 4,000. ఆ లెక్కన 20 పోయినా ఎవరూ ఉలిక్కిపడనక్కర్లేదు. ఒక్కటీ పోలేదంటే అక్కడ పుస్తకాలు బయటికే రాలేదేమోనని అనుమానించాలి.

పులివెందులలో పనిచేసేటప్పుడు చీనీ తోట రైతు కూతురు ఒకమ్మాయి 'అన్నదాత' పత్రిక తీసుకుపోయింది. చెట్లకు తెగులు వచ్చిందని వాళ్ల నాయన చదివించుకున్నాడంట. పత్రిక తిరిగి రాలేదు. నా రిజిస్టరులో అది నష్టమే. ఆ ఇంట్లో మాత్రం ఆ పాప చదువుకు విలువ పెరిగింది. బడి మానిపిస్తారేమోనని భయపడిన పిల్ల ఆ ఏడు పదో తరగతి పరీక్ష రాసింది. పత్రిక ఒక్కటే కారణమని అనను, నాయన ముందు కూర్చుని గట్టిగా చదివే అవకాశం మాత్రం అదే ఇచ్చింది.

"పుస్తకాలు ఉన్నది వాడడానికే" అన్న భావాన్ని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయ శాస్త్రానికి మొదటి సూత్రంగా పెట్టినారు. మనం ఇంకా ఆ మొదటి సూత్రం దగ్గరే ఉన్నాం.

ఇక నా కోరిక. స్వర్ణోత్సవ గుర్తుగా లైబ్రరీకి కొత్త గది కట్టిస్తామని సంఘం అంటోంది. చేతులెత్తి నమస్కరిస్తున్నా. కానీ నేను త్వరలో రిటైర్ అవుతాను. నా తర్వాత ఈ తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుందో ఇప్పటికి తెలియదు. గది కొంచెం చిన్నదైనా ఫరవాలేదు. ఆ మిగిలిన డబ్బు బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో సాయంత్రాలు రెండు గంటలు గది తెరిచి కూర్చునే మనిషిని పెట్టండి. ఏటా పోయే కొద్ది పుస్తకాల ఖర్చు సంఘం భరిస్తుందని కాగితం మీద రాసివ్వండి. ఆ కాగితం ఉంటే, వచ్చే మనిషి ధైర్యంగా తాళం తీస్తాడు.

ఇంకొక మాట. మన బడి స్టాంపు ఉన్న పుస్తకాలు మీలో కొందరి ఇళ్లలో ఉన్నాయని నాకు తెలుసు. జరిమానా లేదు. చదివి ఉంటే తెచ్చివ్వండి. చదవకపోతే ముందు చదివి, తర్వాత తెచ్చివ్వండి.

సెలవు.