పాఠభేదములను చూపు నేర్పు

కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున ఆనతిచ్చినందున ఆముక్తమాల్యదను రచింప బూనినట్లు కృష్ణదేవరాయలు ఆ కావ్యావతారికలో చెప్పుకొనెను. అచ్చు వచ్చువరకు ఆ కావ్యము తాటాకులపైననే చేతులు మారినది. ఒక ప్రతిని చూచి మరియొకటి వ్రాయునపుడు ఒక అక్షరము జారును, ఒక మాట చేరును. రెండు ప్రతులను ప్రక్కప్రక్కన ఉంచి భేదములను గుర్తించుటయే పరిష్కర్తకు మొదటి పని. కొంతకాలము మచిలీపట్టణమున ఉద్యోగించిన సి. పి. బ్రౌను వేమన పద్యములను 1829లో అచ్చు వేయించుటకు ముందు పలు ప్రతులను సేకరించి పోల్పించెను.

ఇందొక చిక్కు కలదు. లేఖకుడు పద్యపాదమును బట్టి పంక్తి విరువడు; ఆకు అంచు తగులువరకు వ్రాసికొనిపోవును. మొదట ఒక్క మాట ఎక్కువైనచో తక్కిన పంక్తులన్నియు జరుగును. పంక్తికి పంక్తి పోల్చువానికి ఆకెల్ల మారినట్లే తోచును. పాదమునకు పాదము పోల్చువానికి ఆ ఒక్క మాటయే కనబడును. యతిప్రాసలు తెలిసినవాడైనచో అది ఎచట పొసగలేదో కూడ పట్టుకొనును.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారిది నేడు ఇదే అవస్థ. ఒక ప్రోగ్రామును పదిమంది దిద్దుదురు. దిద్దిన దానిని మరియొకరు చదివి ఒప్పుకొనవలెను. 1970వ దశకమున బెల్ ప్రయోగశాలలో పుట్టిన ‘డిఫ్’ అను సాధనము పంక్తినే ప్రమాణముగా గైకొన్నది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ‘గిట్’ సామాన్యముగా ఆ త్రోవనే నడచును. ఒక కామా మారినను పాత పంక్తి పోయినట్లు, క్రొత్త పంక్తి వచ్చినట్లు చూపును. ఒక భాగమును పైనుండి క్రిందికి జరిపినచో అచట మరణము, ఇచట జననము! ఎఱ్ఱరంగు, పచ్చరంగు పుటలకొలది చూచి కన్ను అలసిన చదువరికి నిజమైన దోషము నడుమనే జారిపోవును. బ్యాంకు లెక్కలు, ఆసుపత్రి యంత్రములు నడచునది ఇట్టి ప్రోగ్రాములచేతనే కదా!

శ్రోతలు గమనింపవలసినది, గిట్ ప్రతి కూర్పును సమగ్రముగా దాచును. భేదమును అడిగినపుడే లెక్కించును. కనుక పాత ప్రతులను ముట్టకయే చూపు తీరును మార్చవచ్చును. మాటకు మాట పోల్చు ఏర్పాటు అందు కలదు. జరిగిన పంక్తులకు వేరు రంగు వేయు సదుపాయము 2017లో వచ్చినది. ‘డిఫ్టాస్టిక్’ వంటివి ప్రోగ్రాము వ్యాకరణమునే ఎఱిగి పోల్చును. ఇవి యతిప్రాసలు నేర్చిన పండితుల వంటివి. పెద్ద గ్రంథమైనచో కొంత ఆలస్యము చేయును.

ఇద్దరు ఒకేచోట దిద్దినపుడు గిట్ రెండు పాఠములను ఒకదాని క్రింద నొకటి ఉంచి ఊరకుండును. ఏది సాధువో అది చెప్పజాలదు. తాటాకు పరిష్కర్తకు తల్లిప్రతి తఱచుగా దొరకదు, ప్రోగ్రామరుకు దొరకును. ఆ మూలపాఠమును నడుమ ఉంచి చూపుమని గిట్‌ను కోరవచ్చును. ఏలనో పలువురు కోరరు.