కోడిగుడ్ల అట్టలు కాదు, కొలత కావాలి

ముందుగా ఒక మాట తేల్చేసుకుందాం. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే రికార్డింగ్ గది తయారైపోతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ పలుచటి అట్ట మంద్ర శబ్దాలను దాదాపు ముట్టుకోదు, నిప్పంటుకుంటే మాత్రం భగ్గుమంటుంది. శబ్దాన్ని మింగేది ఎగుడుదిగుడు ఆకారం కాదండీ! పీచు సందుల్లో గాలి కదులుతూ రాసుకుంటుంది, ఆ రాపిడిలో శబ్దం వేడిగా మారిపోతుంది. ఎంత మారుతుందో చూసి చెప్పలేం, చేత్తో నొక్కి చెప్పలేం. కొలవాలి.

కొలవడం నేర్పినవారు వాలెస్ సబీన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్‌లో, ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట అర్థమయ్యేది కాదు. మోత అయిదున్నర సెకన్లు నిలిచేది, ఒక మాట మీద మరో మాట పడేది. దాన్ని బాగుచెయ్యమని 27 ఏళ్ల ఈ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఊరు సద్దుమణిగాక శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చేవారు. ఆర్గన్ గొట్టం మోగించి, ఆపి, మోత చెవికి అందకుండా పోయేదాకా ఎంతసేపు పట్టిందో చూసుకునేవారు. మరికొన్ని మెత్తలు వేసి మళ్లీ అదే పని. తెల్లారేసరికి మెత్తలన్నీ థియేటర్‌కు చేరాలి! అన్నీ పరిచేసరికి మోత సుమారు ఒక సెకనుకు దిగింది.

అసలు సంగతి ఇప్పుడు వినండి. తన ఒంటిమీది బట్టలు కూడా మోతను మింగుతున్నాయని ఆయనకు తెలిసింది. అంతే, అప్పటిదాకా తీసిన వేల కొలతలు పక్కన పడేశారు. తర్వాత ఎప్పుడు కొలిచినా అవే బట్టలు వేసుకున్నారు. నాకు ఇంతకు మించిన శాస్త్రనిష్ఠ తెలీదు. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్కల మీదే నిలిచింది.

టైమైందంటున్నారు, ఇప్పటి కొలతల సంగతి గబగబా. శబ్దం మింగే సరుకులో చిన్న ముక్కనైతే గొట్టంలో పెట్టి కొలుస్తాం. పది పన్నెండు చదరపు మీటర్ల పరుపునైతే మోతగదిలో, అంటే మోత చాలాసేపు నిలిచే గదిలో పరిచి, పరచకముందు ఎంత, పరిచాక ఎంత అని చూస్తాం. పడిన శబ్దంలో ఎంత వంతు మింగిందో చెప్పే మోతగది అంకె ఒక్కోసారి 1 దాటుతుంది. అది అంచుల ప్రభావం, నూటికి నూటపది మింగడం కాదు. 100 హెర్ట్జ్ అల పొడవు 3.4 మీటర్లు. అయిదు సెంటీమీటర్ల కొబ్బరిపీచు దానికి చాలదు. మందం పెంచండి, లేదా వెనక గాలికి ఖాళీ వదలండి. పక్కింటి గోల ఆపాలంటే పీచు కాదు, బరువైన గోడ, సందుల్లేని తలుపు కావాలి.

కల్యాణమండపం కట్టేవారికి నా విన్నపం ఒకటే. సరుకు అమ్మేవాణ్ణి ఒక్క అంకె అడిగి ఊరుకోకండి. 125 హెర్ట్జ్ నుంచి 4000 దాకా, ఏ మందానికి, ఏ పద్ధతిలో కొలిచారో పట్టిక చూపించమనండి. చూపించకపోతే కొనకండి.