కోరంగి మొగ: మన పూర్వచరిత్ర, మన కర్తవ్యము

(సాంవత్సరిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించి యున్నారు. నాకు నియమింపబడిన విషయము కోరంగి మొగ. కులసభలో నీటిని, బురదను, మడచెట్లను గూర్చి చెప్పుట యేల యని కొందరు సందేహింపవచ్చును. మనలో ననేకులకు పొలములు లేవు, మాన్యములు లేవు. పితరులు మన కిచ్చిపోయిన యాస్తి యా నీరే. ఆస్తి తరుగుచుండగా దాని లెక్క చూచుకొనని కుటుంబము నిలువదు. కావున నేడు మన మా లెక్క చూచుకొందము.

గౌతమీ గోదావరినుండి యానాము దాపున చీలిన కోరంగి పాయ కాకినాడ యఖాతమున సముద్రమును కలియుచున్నది. గోదావరి సప్తర్షుల పేర నేడు పాయలై సాగరమును చేరినదని మన పెద్దల విశ్వాసము. సప్తసాగరయాత్ర చేయువారు చొల్లంగి యొద్ద నారంభింతురు. పుష్యబహుళ అమావాస్యనాడు చొల్లంగి తీర్థమునకు వచ్చు జనమును మీరందరు చూచినవారే. నదియు సముద్రమును కలియు చోటు పుణ్యక్షేత్రమని పెద్దలు చెప్పిరి. అది యన్నక్షేత్రమని మన వలలు చెప్పుచున్నవి.

ఈ మొగ యొకప్పుడు ప్రసిద్ధమైన రేవు. 1708లో నాంగ్లేయులు సమీపమందలి యింజరమున వర్తకస్థానము నేర్పరచుకొనిరి. 1723లో ఫ్రెంచివారు యానామునకు వచ్చిరి. 1759లో కోరంగి యాంగ్లేయుల వశమయ్యెను. కోరంగి, తాళ్ళరేవులయందు నోడలు కట్టబడుచుండెను, మరమ్మతులు పొందుచుండెను. ఇచ్చటినుండి మనవారు రంగూనునకు వేలకొలది తరలిరి. బర్మాదేశమున తెలుగువారి నందరిని, ఏ యూరివారైనను, 'కోరంగీ'లని పిలిచెడివారు. ఒక చిన్న రేవు పేరు పరదేశమున నొక జాతి కంతటికి పేరైనదన్న, దాని ఘనత మరి చెప్పవలెనా?

అట్టి రేవును సముద్రమే కబళించెను. 1789 డిసెంబరులో మూడు పెనుకెరటము లొకదాని వెంట నొకటి యూరిమీద పడెను. ఇరువదివేలమంది నశించిరని యాకాలపు అంచనా. హెన్రీ పిడింగ్టన్ అను నాతడు 1840 ప్రాంతముల తుపానుల నడకను శోధించి 'సైక్లోన్' అను పదమును కల్పించెను. కోరంగి యుప్పెనయు నాతని పరిశీలనలోనిదే. 1839 నవంబరులో మరల నుప్పెన వచ్చి, మిగిలిన దానిని నాశనము చేసెను. ఏట మేట వేయగా రేవు పూడిపోయెను; వర్తకము కాకినాడకు తరలెను.

ఇక రెండవ మార్పు నది యెగువనుండి వచ్చెను. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించెను. దానివలన కరవు సీమ ధాన్యాగారమయ్యెను. ఆ మేలును మరచుట కృతఘ్నత. అయినను కాలువలకు మరలిన నీరు మొగకు రాదు. పైన జలాశయములలో నాగిన యొండ్రును మొగకు రాదు. వేసవిని మంచినీరు తగ్గగా నుప్పు హెచ్చును. ఒండ్రు తగ్గగా తీరము కోసుకొనిపోవును. ఉప్పాడలో సముద్ర మిండ్లను మ్రింగుచుండుట మీరెరుగుదురు. దానికి కారణము లనేకములు గలవు. ఒండ్రు కొరవడుట యందొకటి.

ఈ యుప్పునీటికిని, మంచినీటికిని నడుమ నిలిచినది మడయడవి. దినమునకు రెండుమార్లు పోటు వచ్చును, రెండుమార్లు పాటు పోవును. ఊపిరాడని యా బురదలో మడచెట్టు తన వేళ్ళను మేకులవలె పైకి నిలిపి గాలి పీల్చుకొనును. తాను త్రావిన యుప్పును ఆకులమీద విసర్జించును. పొన్నచెట్టు తల్లికొమ్మ మీదనే గింజను మొలకెత్తించి, పిదప బురదలోనికి విడుచును. బిడ్డను నడక నేర్పి పంపెడి తల్లి వంటిది యా చెట్టు. తిల్ల పాలు కంట బడిన నెట్లుండునో కట్టెలు కొట్టినవారికి దెలియును. రాలిన యాకు బురదలో కుళ్ళి సూక్ష్మజీవుల కాహారమగును. వానిని తిని రొయ్యపిల్ల పెరుగును. రొయ్య సముద్రమున గ్రుడ్డు పెట్టును. దాని పిల్ల మొగలో పెరిగి, మరల సముద్రమునకు పోవును. వరదనీటి కెదురీది పులసయై మారెడి విలసకును ఈ మొగలే దారి. మడ పోయిన రొయ్య పోవును. రొయ్య పోయిన మన వల యెండును.

ఈ యడవిని ప్రభుత్వమువారు 1978లో నభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అందు నీటికుక్కలును, చేపలు పట్టెడి బావురుపిల్లులును గలవు. అఖాతమునకు తూర్పున నడ్డుగోడవలె నున్న హోప్ ఐలాండు ఇసుకదిబ్బపై తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. సముద్రపు కెరటముల తాకిడినుండి కాకినాడను కాచునది యా దిబ్బయే.

1996 నవంబరు 6వ తేదీని మనలో మరచినవా రెవ్వరు? ఆ తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. భైరవపాలెము, బలుసుతిప్ప మొదలగు పల్లెలనుండి వేటకు వెళ్ళిన మనవా రనేకులు తిరిగి రాలేదు. నేడీ సభలో కూర్చున్న తల్లులలో కొందరికి ఆ రాత్రి యింకను తెల్లవారలేదు. సముద్రముపై నున్నవారిని మడయడవి కాపాడలేదు. కాని యొడ్డున నున్న పల్లెలకు కెరటపు వేగమును, గాలి తాకిడిని తగ్గించునది యదియే. నాడు మనకు మిగిలిన రక్షణను నేడు మనమే నరికికొందుమా?

ఇచ్చట నా తప్పును నేనొప్పుకొనవలెను. చిన్ననాట పొయ్యిలోనికి మడకట్టెలు కొట్టినవారిలో నేనొకడను. దోమతెర వంటి వలలతో రొయ్యపిల్లలను పట్టి యమ్మినవారిలోను నేనొకడను. ఒక్క టైగరు పిల్ల కొరకు తక్కిన చేపపిల్లల నన్నిటిని గట్టుమీద పారబోసితిమి. ఆ చెరువుల వ్యాపారము వచ్చినప్పుడు ధనము వచ్చినదని సంతసించితిమి. తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు పాడయినవి, అప్పులు మిగిలినవి, ఉప్పెక్కిన నేల మిగిలినది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టువారు తీరమున నట్టి చెరువులకు హద్దు విధించిరి. కోర్టు చెప్పకమున్నే మన పెద్దలు చెప్పవలసిన మాట యది.

అయినను నిరాశకు తావు లేదు. ఎండి చౌడుబారిన మడనేలలో పెద్దకాలువ నొకటి త్రవ్వి, దానికి చేపముల్లు వలె ప్రక్కకాలువలు తీసి, పోటునీటిని లోనికి రానిచ్చి, మొక్కలు నాటిరి. స్వామినాథన్ పరిశోధనాసంస్థవారును, అటవీశాఖవారును, పల్లెప్రజలును కలిసి చేసిన పని యది. చచ్చిన నేల మరల పచ్చబడెను. శాస్త్రజ్ఞుని లెక్కయు, బెస్తవాని యనుభవమును కలిసిన కార్యము సిద్ధించునని దీనివలన దెలియుచున్నది.

కావున నేనీ సభను మూడు విషయములు వేడుచున్నాను. మొదటిది: మడకట్టె కొట్టమనియు, సన్నకన్ను వల వేయమనియు ప్రతి పల్లెయందును కులపెద్దల యెదుట కట్టుబాటు చేసికొనవలెను. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు వేటనిషేధమును పాటించి యాకలి నోర్చుకొను మనకు ఈ నియమ మసాధ్యము కాదు. రెండవది: వేసవిలో మొగకు కొంత మంచినీరు విడువవలెననియు, అభయారణ్య నిర్వహణమున మన పల్లెలవారి మాటకు స్థాన మీయవలెననియు ప్రభుత్వమునకు విన్నవింపవలెను. అడవిని కాపాడుమని మనకు చెప్పువారు, అడవినే నమ్ముకొన్న మనలను దొంగలవలె చూడరాదు. మూడవది పోషకమహాశయులకు: ఏటేట నొక్క బాలునకును, ఒక్క బాలికకును మత్స్యశాస్త్రమునో, వృక్షశాస్త్రమునో చదువుటకు వేతన మీయుడు. మన నీటిని గూర్చి యితరులు వ్రాసిన దానిని మనము చదువుట చాలదు, మనవారే వ్రాయవలెను.

కోరంగి రేవు పోయినది. ఓడలు పోయినవి. మొగ యింకను మిగిలి యున్నది. రేవు పోయినందుకు సముద్రమును నిందించితిమి. మొగ పోయినచో మన మనుమలు నిందించునది మనలనే.