పోలండు దేశము నేర్పు పాఠము



యూరపు ఖండపు నడుమ పోలండు అను దేశము కలదు. దాని కథ ఊరి తగవులు తీర్చు పెద్దలు వినదగినది.

1569లో పోలండు, లిథువేనియా ఏకమై యొక మహారాజ్యమయ్యెను. అచ్చటి ప్రభువంశీయులే రాజు నెన్నుకొనుచుండిరి. వారి మహాసభకు సెయ్మ్ అని పేరు. ఆ సభలో ఏ యొక్క సభ్యుడు "నేనొప్పను" అనినను, ఆ తీర్మానమే కాక అంతవఱకు చేసిన తీర్మానములన్నియు రద్దగుచుండెను. ప్రతివాని మాటకును మన్నన యుండవలెనను సదుద్దేశముతోనే ఈ యాచారము పుట్టినది. కాని 1652లో ఒక్కని నిరాకరణచే సభ చెడెను. పిమ్మట అది పరిపాటి యయ్యెను. పొరుగు రాజులు ధనమిచ్చి ఒక్కని నోరు కొనిన చాలును. పన్నులు సాగవు, సేన పెరుగదు. మూడవ ఆగస్టసు 1733 మొదలు 1763 వఱకు ఏలగా, సక్రమముగా ముగిసిన సభ ఒక్కటియే!

1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు ఆ దేశమున సుమారు మూడవ వంతు పంచుకొనినవి. అప్పుడు పెద్దలు మేల్కొని, 1791 మే 3న క్రొత్త రాజ్యాంగము నేర్పఱచి ఆ యాచారమును తొలగించిరి. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లయ్యెను. పెత్తనము పోవునని కొందఱు ప్రభువులు రష్యా సేననే పిలిచిరి. 1793లో రెండవ పంపకము, 1795లో మూడవది జరిగెను. పోలండు పేరు దేశపటమున లేకుండ పోయెను.

ఆ స్థితి 123 ఏండ్లుండెను. రష్యా యేలుబడిలోని వార్సాలో ఉపాధ్యాయులు ఇండ్లలో రహస్యముగా పాఠములు చెప్పిరి. అట్లు చదివిన మరియా, భర్తయగు క్యూరీతో కలిసి 1898లో కనుగొనిన మూలకమునకు "పొలోనియము" అని స్వదేశము పేరు పెట్టెను.

1918లో పోలండు మరల స్వతంత్రమయ్యెను. 1939లో జర్మనీ, సోవియట్టు రష్యా దానిని మరల పంచుకొనినవి. యుద్ధానంతరమును అది మాస్కో నీడలోనే మనెను. 1980లో గ్దాన్స్కు రేవున ఓడలు కట్టు కార్మికులు సమ్మె చేసి "సాలిడారిటీ" సంఘమును స్థాపించిరి. అందు సుమారు కోటిమంది చేరిరి. 1989 జూన్ 4 నాటి ఎన్నికలతో ఆ నీడ తొలగెను.

అయ్యలారా! ఒక్కడు కాదనినచో వానిమాట వినవలెను, సమాధానము చెప్పవలెను. కాని అందఱి పనికి వేయు తాళపుచెవిని ఒక్కని చేతి కీయరాదు. పోలండు ఈ పాఠము నేర్చుటకు చెల్లించిన మూల్యము మిక్కిలి పెద్దది.