బీడు భూమి బంజరు కాదు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ శిబిరంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



మేము సంఘానికి వచ్చామంటే పాల రిజిస్టరు, వెన్న శాతం, బకాయిల పట్టీ చూడడానికే వచ్చామని మీరు అనుకోవడం సహజమే. ఈ రోజు ఆ పుస్తకాలు కొంతసేపు ప్రక్కన పెట్టి, ఏ పుస్తకంలోనూ ఎక్కని ఆస్తి ఒకదానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచాము. అది ఊరి బీడు. రికార్డులలో దానిని మేత పోరంబోకు అంటారు. వాడుకలో బంజరు అని తీసిపారేస్తాము. ఆ బీడును నమ్ముకొని మన పశువులతో పాటు మరికొన్ని జీవాలు కూడా బ్రతుకుతున్నాయి.

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని రోళ్లపాడు సంగతి తీసుకుందాము. 2022 దాకా అది కర్నూలు జిల్లాలో ఉండేది. అక్కడి గడ్డి మైదానంలో బట్టమేక పిట్ట ఉన్నందున ప్రభుత్వం 1988లో 614 హెక్టార్లను, అంటే సుమారు 1,500 ఎకరాలను, అభయారణ్యంగా ప్రకటించింది. బట్టమేక మూడడుగుల ఎత్తు పెరుగుతుంది. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షులలో ఇంత బరువైనవి బహు కొద్ది. మిడతలు, పేడపురుగులు, తొండలు, రేగుపండ్లు దీని ఆహారం. గూడు కట్టదు. వానాకాలంలో ఉత్తనేల మీద సాధారణంగా ఒక్కటే గుడ్డు పెట్టి, సుమారు 27 రోజులు పొదుగుతుంది. ఏడాదికి ఒక్క గుడ్డు! ఆ గుడ్డు గొడ్ల కాళ్ళ క్రింద పడినా, కుక్కల పాలైనా ఆ సంవత్సరం ఆదాయం సున్న అన్నమాట.

నేడు దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగే బట్టమేకలు 150కి మించవని అంచనా. వాటిలో అధికభాగం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలోనే ఉన్నాయి. రోళ్లపాడులో వాటి జాడ దాదాపు లేకుండా పోయింది. అభయారణ్యం ఉండి కూడా ఇట్లా ఎందుకు జరిగిందని మీరు అడగవచ్చు. హద్దురాయి మనకు తెలుస్తుంది గాని పక్షికి తెలియదు. అది మేతకు, గుడ్డుకు చుట్టుప్రక్కల మైళ్ళ కొలదీ బీళ్ళ మీద తిరిగేది. ఆ బీళ్ళు క్రమంగా సాగులోకి వచ్చాయి. మిడతల మీద మందులు పడ్డాయి. కరెంటు తీగలు వచ్చాయి. బట్టమేకకు ఎదుటి చూపు తక్కువ, ఒళ్ళు బరువు. తీగ దగ్గరకు వచ్చేదాకా చూడలేదు, చూసినా తప్పుకోలేదు.

దీనికి తోడు ఇప్పుడు కాలమే మారుతున్నది. 1901 నుంచి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినట్లు కేంద్ర ప్రభుత్వ నివేదిక 2020లో తెలిపింది. వాన పడితే ఒక్కసారిగా కుండపోత, లేకుంటే వారాల తరబడి ఎండ, ఇట్లాంటి రోజులు పెరుగుతున్నాయి. 2009వ సంవత్సరం మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ ఏడు నైరుతి ఋతుపవనాలు దేశమంతటా లోటు పడ్డాయి. ఆ ఏడే అక్టోబరు మొదట్లో కర్నూలు పట్టణం వరదలో మునిగింది.

వాన ఆలస్యమైతే గడ్డి మొలవదు. గడ్డి లేకుంటే మిడతలు ఉండవు. మిడతలు లేకుంటే బట్టమేక పిల్ల బ్రతకదు. కుండపోత పడితే నేల మీది గుడ్డుకు ముప్పు. పూర్వం ఒక బీడు ఎండితే పక్షి మరొక బీడుకు పోయేది. ఇప్పుడు పోదామంటే రెండవ బీడు ఏది? కంచె వేసిన ఒక్క చెక్క నేలతో మారే కాలాన్ని తట్టుకోవడం ఏ జీవికీ సాధ్యం కాదు.

ఇదే కష్టం మన కొట్టంలోనూ ఉన్నది. గేదెకు నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ. ఎండ ముదిరితే మేత తగ్గిస్తుంది, పాలు తగ్గిస్తుంది, ఎదకు రావడం ఆలస్యమవుతుంది. సంకర జాతి ఆవులకూ ఎండ పడదు. కరువు ఏట ఊరి బీడులో గడ్డి లేకపోతే చొప్ప, దాణా బయట కొనవలసిందే. ఆ ఖర్చు పాల ధరను మింగివేస్తుంది. బీడు మన సంఘానికి రిజర్వు ఫండు వంటిది. ఏటేటా వచ్చే గడ్డి దాని మీది వడ్డీ. వడ్డీ తినవచ్చును గాని అసలును కదల్చరాదు.

అభయారణ్యం వలన రైతుకు నష్టం లేదని మేము చెప్పబోము. రోళ్లపాడులో రక్షణ కల్పించిన పిదప కృష్ణజింకలు పెరిగి చుట్టుప్రక్కల పంటలు తిన్నాయి. ఆ రైతులకు కోపం రావడం న్యాయమే. నష్టపరిహారం సకాలంలో అందనిదే ఏ సంరక్షణా నిలవదు. ఆ మాట అధికారుల ముందు గట్టిగా అడగడానికి సంఘమే తగిన వేదిక.

ఇక మన చేతిలో ఉన్న పనులు:

1. ఊరి మేత పోరంబోకును సర్వే చేయించి హద్దులు వేయించండి. 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించేందుకు పథకాలు తయారు చేయవలసిందిగా అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఈ తీర్పును మీ అర్జీలో పేర్కొనండి.

2. బీడును నాలుగు భాగాలు చేసి వంతుల ప్రకారం మేపండి. వానాకాలంలో ఒక భాగంలోకి పశువులను వదలక, గింజ రాలేవరకు ఆపండి. తరువాత కోసి తెచ్చుకోవచ్చును. నేల మీద గుడ్డు పెట్టే పిట్టలకూ ఆ భాగం ఆశ్రయమవుతుంది.

3. సర్కారు తుమ్మను వేళ్ళతో పెకలించండి. పచ్చదనం పేరుతో గడ్డినేలలో నీలగిరి చెట్లు నాటనీయకండి. గడ్డినేలకు గడ్డే పచ్చదనం.

4. చచ్చిన పశువులను బీడులో పారవేయక పూడ్చిపెట్టండి. ఆ కళేబరాల చుట్టూ చేరిన కుక్కలే గుడ్లను, దూడలను తింటాయి.

5. మంచి ఏట మిగిలిన పచ్చిమేతను పాతర వేయండి. కరువు ఏట బీడు మీద భారం తగ్గుతుంది.

రాజస్థాన్‌లో 2019 నుంచి బట్టమేక గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచుతున్నారు. ఒకనాడు ఆ పిల్లలకు మన సీమలో చోటు కావలసి వస్తే, గడ్డి ఉంటేనే అది సాధ్యం. పక్షి వచ్చినా రాకున్నా, ఆ గడ్డి మన దూడలకు మేత అవుతుంది.

కావున రాబోయే సర్వసభ్య సమావేశపు ఎజెండాలో బీడు రక్షణను ఒక అంశంగా చేర్చి, తీర్మానం వ్రాసి, దాని నకలు పంచాయతీకి, తహసీల్దారుకు పంపవలసిందిగా కోరుతున్నాము. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు పాల రిజిస్టరుతో పాటు ఆ తీర్మానం కూడా మాకు చూపించండి.

సెలవు.